చీటీ కట్టిన సీసాలు

“నువ్వేమైనా తాగుతావా ఏంటి?” అని ఆడపడుచు ఆ ఒక్క మాట అనకుండా ఉంటే, ఏడు సీసాలూ ఆదివారం నాడు బుద్ధిగా అట్టపెట్టెలో కూర్చుని ఆవిడ కారెక్కి వెళ్లిపోయేవి. అంతకుముందు చేతిగడియారం వెళ్లింది. ఉన్ని కోటు వెళ్లింది. సైకిలూ వెళ్లింది. మనిషి పోయి నాలుగు నెలలు తిరక్కముందే అతని వస్తువులు ఒక్కొక్కటీ అక్కగారింటికి తరలిపోతుంటే, ఈమె గుమ్మంలో నిలబడి తలూపింది తప్ప నోరెత్తలేదు.

ఈమెను గరిటె అందాం. ఆ పేరు మొగుడు పెట్టిందే. ఆస్పత్రి క్యాంటీన్‌లో ఇరవయ్యారేళ్లుగా వంటామె. రోజూ మూడువందల మందికి ఉప్పు లేని సూపు, నూనె లేని కూర, కారం ఊసే లేని అన్నం వండి పెట్టి, సాయంత్రం ఇంటికొచ్చి ఆ కసి అంతా సొంత పొయ్యి మీద తీర్చుకునేది. చేతిలో గరిటె దింపకుండానే మాట్లాడేది, పోట్లాడేది, ఒక్కోసారి నిద్రపోయేది కూడా అని అతను అందరికీ చెప్పి నవ్వించేవాడు.

అతను వైన్ గోదాములో సీసాలు నింపే మిషను దగ్గర ముప్పై ఏళ్లు పనిచేశాడు. ఆ గోదాములో ఒక పద్ధతి ఉంది. ఏడాదికొకసారి కంపెనీ ప్రతి పనివాడికీ ఒక మంచి సీసా, దారంతో ఒక దళసరి చీటీ ఇస్తుంది. ఆగలేనివాడు గేటు దాటకముందే తాగేస్తాడు. దాచుకునేవాడు ఆ సీసా ఏ రోజు తెరవాలో చీటీ మీద రాసి మెడకు కడతాడు. ఆ రోజు వచ్చేదాకా దాన్ని ముట్టుకోకూడదు, ముట్టుకుంటే ఆ రోజు ఇక రాదు. రోజు రాకముందే మనిషి పోతే సీసా అతని తోబుట్టువులకు చెందుతుంది, పెళ్లానికి కాదు. ఇది ఏ మహానుభావుడు పెట్టాడో తెలియదు కానీ, గోదాములో ఒక్క ఆడమనిషి కూడా లేని కాలంలో పెట్టి ఉంటాడు. లేకపోతే అప్పుడే ఎవరో ఒకామె ఆ చీటీ చింపి అతని మొహాన కొట్టి ఉండేది.

అతను ముప్పై సీసాల్లో ఇరవైమూడు స్నేహితులతో తాగేశాడు. ఏడింటికి చీటీలు కట్టి వంటింటి అటక మీద పెట్టాడు. ఆ ఏడు రోజుల్లో ఒక్కటీ రాలేదు.

సోమవారం పొద్దున్నే ఆడపడుచు వదినగారి ఫోను. కొడుక్కి పాప పుట్టి పదిహేను రోజులైంది, ఆదివారం వస్తాను, సీసాలు తీసుకెళ్తాను అంది. అన్నీ ఇవ్వాలి కానీ ముఖ్యంగా ‘బిడ్డ పుట్టిన రోజు’ అని చీటీ ఉన్నది మాత్రం జాగ్రత్తగా తుడిచి పెట్టమంది.

“ఆ రోజు మా ఇంట్లో వచ్చింది కదా. వాడే ఉంటే వాడే తెచ్చి ఇచ్చేవాడు. పిల్లాజెల్లా లేనిదానివి, నువ్వేం చేసుకుంటావు? నువ్వేమైనా తాగుతావా ఏంటి?”

“తాగుతాను,” అంది గరిటె.

 ఏమన్నావు అని మళ్లీ అడిగింది వదినగారు.

“తాగుతాను వదినా. రోజుకొకటి. అన్నంలోకి.”

ఫోను పెట్టేసి అటక వైపు చూసింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆమె వైన్ చుక్క నాలిక మీద వేసుకున్నది లేదు. మొగుడు పోస్తానంటే, రోజంతా రోగుల కషాయాలు చూసి వచ్చానయ్యా, ఇంట్లో కూడానా అనేది. కానీ మాట జారింది, జారిన మాట నిజం చెయ్యకపోతే ఆదివారం ఆవిడ ముందు తలెత్తుకోవడం ఎలా? తెరిచిన సీసాను ఎవరూ కానుకగా పట్టుకెళ్లరు, ఆ సంగతి మాత్రం ఆమెకు బాగా తెలుసు.

సాయంత్రం స్టూలెక్కి చేతికి అందినది దించింది. ‘సొంత ఇల్లు కొన్న రోజు’ అని ఉంది. కార్కు తీసే మర కోసం కింది వాటాలోకి వెళ్లింది. అక్కడుండే రిటైరైన ముసలాయన గోదాములో సీసాలకు కార్కులు కొట్టి కొట్టి చివరికి మేస్త్రీ అయినవాడు. ఆయన్ని వీధి వీధంతా కార్కు అనే పిలుస్తుంది. చీటీ చూడగానే ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇల్లు కొన్నావా చెల్లెమ్మా అని అడిగాడు. కొనలేదు అంది. మరి ఎలా తీస్తావు అన్నాడు. ఆ రెండు గదుల అద్దె వాటాలో ఇరవై నాలుగేళ్లు కాపురం చేశాననీ, గోడలకు మేకు కొట్టినా ఇంటాయన్ని అడిగి కొట్టాననీ, ఇంకా ఏ ఇంటికోసం ఆగమంటారనీ ఆయన్నే తిరిగి అడిగింది. ఆయన గొణుక్కుంటూ మర తీసుకుని వెంట వచ్చాడు, ఆమెను ఆపడానికో, సీసా పాడుచేయకుండా చూడటానికో ఆయనకే తెలియదు.

ఆ పూట టమాటాలో కోడిగుడ్లు కొట్టి పోసి, పచ్చిమిర్చి దండిగా వేసింది. వైన్ ఎర్రగా, చిక్కగా ఉంది. ఒక ముద్ద తిని, ఒక గుక్క తాగింది. నోరంతా పిడచకట్టుకుపోయింది. పచ్చి అరటికాయ కొరికినట్టు నాలిక పళ్లకు అతుక్కుంది, మిర్చి మంట రెండింతలైంది. కార్కు నవ్వాపుకుంటూ, ఎర్రదానికి మాంసం పడాలి, గుడ్డుకి ఇది పగ అన్నాడు. గరిటెకు ఒళ్లు మండింది. ఇరవయ్యారేళ్ల వంటామె, మొదటి పూటే తప్పు కూర వండింది. ఆయన మీద కాదు, ఆ సీసా మీదే కోపం వచ్చింది.

అయితే వంటామెకు కోపం వస్తే ఊరుకోదు, రుచి చూస్తుంది. ఇంకో గుక్క పుక్కిలించి చూసింది. ఇదంతా వగరే కదా అనుకుంది. వగరుకు కొవ్వు తగిలితే దిగుతుంది, అది ఏ పొయ్యి దగ్గరైనా అంతే. రొట్టెముక్క మీద వేలెడు మందాన వెన్న రాసి, ఉప్పు చల్లి, దాంతో తాగింది. పిడచ వదిలింది. వైన్‌లో ఎక్కడో పండిన రేగుపండు వాసన బయటికొచ్చింది. కార్కు కూడా ఒక ముక్క అడిగాడు. మిగిలినదానికి బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెట్టి, చీటీని వెనక్కి తిప్పి ‘వెన్న, రొట్టె, ఉప్పు. గుడ్డు వద్దు’ అని రాసి మళ్లీ సీసా మెడకే కట్టింది.

మంగళవారం ‘సముద్రం చూసిన రోజు’. అది తెల్ల వైన్, రెండేళ్ల కిందటిదే. సముద్రానికి రెండుసార్లు టికెట్లు తీశారు. ఒకసారి అతనికి షిఫ్టు పడింది, ఒకసారి ఆస్పత్రిలో జ్వరాల రద్దీ. సముద్రం రాకపోతే చేపైనా రావాలి కదా అని ఆమె దారిలో చేప కొని, మిరియాలు దంచి పట్టించి, వేయించి, దించాక నిమ్మకాయ పిండబోయి చెయ్యి ఆపింది. ఒక గుక్క తాగి చూసి, నిమ్మకాయ పక్కన పెట్టేసింది. ఆ పులుపు గ్లాసులోనే ఉంది. ఆ రోజు పిలవకుండానే కార్కు తన పళ్లెం తానే తెచ్చుకున్నాడు. తింటున్నంతసేపూ, ఇది పాపం చెల్లెమ్మా, పద్ధతి కాదు చెల్లెమ్మా అంటూనే మూడు ముక్కలు లాగించాడు.

బుధవారానికి బంధువుల్లో గుప్పుమంది. పినమామగారు ఫోన్ చేసి పద్ధతి అనేది పెద్దలు ఊరికే పెట్టరమ్మా అని మొదలుపెట్టి, అరగంట చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. ఆ పెద్దల్లో ఒక్కరైనా నాకు తెలిసినవాళ్లున్నారా మామయ్యగారూ అని ఆమె అడిగితే ఆయన దగ్గు వస్తోందని ఫోను పెట్టేశాడు. వదినగారు మూడుసార్లు చేసింది. తమ్ముడి పరువు వీధిలో పెట్టావంది. రోజూ తాగి తూలుతున్నావట అంది. రేపు ఆస్పత్రిలో పనికి ఎలా వెళ్తావో చూస్తానంది. గరిటె ఫోను చెవికి భుజంతో నొక్కిపట్టి, రెండు చేతులతో బంగాళాదుంపలు వేయిస్తూ వింది. ఆ పూట దించిన సీసా చీటీ మీద ‘అక్క ఒక్క రోజైనా నాతో పోట్లాడకుండా ఉన్న రోజు’ అని ఉంది.

అది నురగ వచ్చే వైన్. మర అక్కర్లేకుండానే బిరడా ఎగిరి పైకప్పుకి కొట్టుకుంది. ఉప్పు చల్లిన వేడి దుంపముక్క కరకరలాడుతుంటే దాని మీద ఆ బుడగలు పడి నోట్లో నూనె జిడ్డంతా కడిగేస్తుంటే, ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. నాలుగు నెలల్లో ఆమె నవ్వడం అదే మొదలు. నవ్వి నవ్వి ఏడ్చింది కూడా. అతని మీద కోపం వచ్చింది. ఇంత మంచిది అటక మీద పెట్టి, పక్కనే కూర్చుని మంచినీళ్లు తాగుతూ ఆ దుంపలే తినేవాడు. ఏ రోజు కోసం అంటే వదినగారు నోరు మూసుకునే రోజు కోసం.

గురువారానిది పక్కింటి కుక్క మొరగడం మానేసే రోజు. ఆ కుక్క ఎప్పుడో పోయింది, వాళ్లు ఇంకోదాన్ని తెచ్చారు, అది ఇంకా గట్టిది. సీసాలో తియ్యటి వైన్. తీపితో అన్నమేమిటని కార్కు మొహం చిట్లించాడు. ఆమె మాట్లాడకుండా కోడికూరలో ఎండుమిర్చి రెట్టింపు వేసింది. కళ్లల్లో నీళ్లు తిరిగే కారం, వెంటనే ఆ తీపి. కార్కు ముక్కు తుడుచుకుంటూ, ముప్పై ఏళ్లు గోదాములో ఉన్నాను, ఇది ఎవరూ చెప్పలేదే అన్నాడు. మీ గోదాములో ఎవరైనా వంట చేశారా అన్నయ్యా అని అడిగిందామె.

శుక్రవారం సీసా తెరిచేముందు కార్కు చీటీని రెండుసార్లు చదివాడు. ‘మేస్త్రీ అయిన రోజు’ అని ఉంది. ఆమె అప్పటికే మేకమాంసం కొవ్వుతో సహా మూడు గంటలు సన్నటి సెగ మీద ఉడకబెట్టింది. సోమవారంనాటి వగరు పాచిక ఇక తన దగ్గర పారదని చూపించుకోవాలని ఆమె పట్టుదల. నల్లగా ఉన్న ఆ వైన్ కొవ్వు మీద పడి మెత్తబడింది. ఇద్దరూ పళ్లేలు సగం ఖాళీ చేశారు. తర్వాత కార్కు పళ్లెంలోకి చూస్తూ, ఆ మేస్త్రీ పని వాడికే రావాలి చెల్లెమ్మా, నాకిచ్చారు, నేను వద్దనలేదు అన్నాడు. ఆ సంగతి తన మొగుడికి తెలుసని, ఒక్కనాడూ మీమీద మాట తూలలేదని గరిటె చెప్పింది. తినండి అని ఇంకో గరిటె వడ్డించింది. ఆ రాత్రి నుంచి ఆయన పద్ధతి మాట మళ్లీ ఎత్తలేదు.

శనివారం ‘గరిటె గరిటె దింపిన రోజు’. రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్లు. ఆ ఒక్క పూటకు నేను పొయ్యి ముట్టించను అని ఆమె కుర్చీలో కూర్చుంది. కార్కు అన్నం, పప్పు వండాడు. అడుగంటింది, ఉప్పు మర్చిపోయాడు. గులాబీరంగు వైన్ మాత్రం ఆ మాడువాసనతో కూడా సర్దుకుపోయింది. ఇది మంచి కోడలు, దేనితోనైనా నెగ్గుకొస్తుంది అందామె. ఆయన గిన్నెలు కడిగి వెళ్లిపోయాక అటక మీద ఒక్క సీసా మిగిలింది.

దాన్ని దించి ఒళ్లో పెట్టుకుంది. ‘బిడ్డ పుట్టిన రోజు’ చీటీ రంగు మారిపోయింది, అక్షరాలు మాత్రం అతనివే, ఒత్తి ఒత్తి రాసినవి. ఇరవై రెండేళ్ల కిందట ఆ చీటీ రాసేనాటికి ఆమెకు అయిదో నెల. వెళ్లి అక్కకు చెప్పి వస్తానని అతను చెప్పులేసుకుంటే, ఆగు, ఇంకొన్నాళ్లు గట్టిపడనీ అని ఆమే ఆపింది. ఆరో నెలలో ఆమె పనిచేసే ఆస్పత్రిలోనే, ఆమె వండే సూపు వచ్చే వార్డులోనే, అంతా అయిపోయింది. ఎవరికీ చెప్పొద్దంది. అతను చచ్చేదాకా ఎవరికీ చెప్పలేదు. చీటీ విప్పమని ఆమె అనలేదు, విప్పుతానని అతనూ అనలేదు. ఆ తర్వాత ప్రతి పెళ్లిలోనూ, ప్రతి పేరంటంలోనూ పిల్లాజెల్లా లేనిదానివి అని వదినగారు అంటుంటే, ఇద్దరూ నేల చూపులు చూసి ఊరుకున్నారు. గరిటె ఆ చీటీ ముడి ఇంకాస్త బిగించింది. ఈ సీసా ఒక్కటి మాత్రం చస్తే ఇవ్వను అనుకుంది.

ఆదివారం పదకొండింటికి వదినగారు అట్టపెట్టెతో సహా దిగింది. కొడుకుని కారులోనే కూర్చోమంది. లోపలికొచ్చి అటక చూసింది. ఖాళీ. ఫ్రిజ్ తెరిచి చూసింది. ఆరు సీసాలు వరసగా, కార్కులు సగం సగం దిగి, చీటీల వెనక చీపిరి గీతల్లాంటి రాతతో నిలబడి ఉన్నాయి. ఆవిడ ఒక చీటీ తిప్పి చదివింది. సరిగ్గా అది తన చీటీయే. ముందువైపు చదివి, వెనకవైపు ‘వేయించిన దుంపలు, ఉప్పు ఎక్కువ’ అని చదివి, మొహం మాడ్చుకుని దాన్ని వదిలేసింది.

పొయ్యి మీద పెద్ద గిన్నెలో ఉల్లిపాయలు ఎర్రగా వేగుతున్నాయి, పక్కన పళ్లెంలో మాంసం ముక్కలు. ఏడో సీసా బల్ల మీద ఉంది. వదినగారి చెయ్యి అటు వెళ్లింది. గరిటె చెయ్యి ముందే వెళ్లింది.

ఆరింటినీ తగలేశావు, సంతోషం, ఇది మాత్రం నా మనవరాలిది అంది వదినగారు. పద్ధతి ప్రకారం నాది అంది. తమ్ముడి చేతిరాత, తమ్ముడి కష్టార్జితం, పరాయి ఇంటి నుంచి వచ్చినదానివి, నీకేం హక్కుంది అంది. కింద కారులోంచి హారన్ మోగింది.

గరిటె సమాధానం చెప్పకుండా మర తీసుకుని బిరడాలోకి దింపింది. బిరడా ముక్కలు ముక్కలుగా ఊడి వచ్చింది. గ్లాసులో పోస్తే వైన్ ఇటుకరంగులో ఉంది. ఆమె నిలబడే ఒక పెద్ద గుక్క తాగింది. గొంతు కోసుకుపోయింది. పులిసిపోయింది, వైన్ ఏనాడో చచ్చి వెనిగర్ అయింది. పొయ్యి పైన, ఆ వేడికి, ఇరవై రెండేళ్లు. కళ్లల్లో నీళ్లు వచ్చినా ఆమె మింగింది కానీ ఉమ్మలేదు.

వాసన వదినగారికీ తగిలింది. పాడుచేశావు చూడు, ముందే నాకిచ్చి ఉంటే దక్కేది అంది.

“ఎవరికిచ్చినా ఇంతే వదినా,” అని గరిటె సీసా ఎత్తి మొత్తం గిన్నెలోకి వంచింది. ఉల్లిపాయలు భగ్గుమని పొంగాయి, పులుపు ఆవిరి వంటిల్లంతా కమ్మింది. మాంసం ముక్కలు వేసింది, ఉప్పు వేసింది, పిడికెడు బెల్లం వేసింది, మూత పెట్టి సెగ తగ్గించింది. పులిసినదాన్ని ఏం చెయ్యాలో ఏ వంటామెకూ ఎవరూ నేర్పక్కర్లేదు. అప్పుడు చేతిలోని గరిటెను గట్టు మీద పెట్టి ఇటు తిరిగింది.

“ఆ చీటీ ఏదో ఆశపడి రాసింది కాదు. నాకు అయిదో నెల పడ్డాక రాశాడు. ఆరో నెలలో పోయింది. నీకు చెప్పొద్దన్నది నేనే. ఇన్నేళ్లు నువ్వు అన్న ప్రతి మాటా ఇద్దరం విన్నాం. ఇక నేను వినను.”

వదినగారు కుర్చీ లాక్కుని కూర్చుండిపోయింది. కింద మళ్లీ హారన్ కొడితే కిటికీలోంచి చెయ్యి ఊపి ఆగమంది.  ఓదార్చడానికి వదినగారు లేవలేదు, ఓదార్పు కావాలని గరిటె అడగలేదు. మాంసం ఉడికేసరికి రెండు గంటలైంది. ఈలోగా కొడుకు కారు తీసుకుని ఎటో వెళ్లాడు.

గరిటె ఒక పళ్లెంలో అన్నం పెట్టి, పక్కన ఎర్రటి కూర వడ్డించి వదినగారి ముందు పెట్టింది. తనకూ పెట్టుకుని ఎదురుగా కూర్చుని, ఎవరి కోసమూ ఆగకుండా కలుపుకుని తినసాగింది. పులుపూ తీపీ ఉల్లిపాయలో కరిగి ముక్కలోకి దిగింది. వారం మొత్తంలో అన్నింటికన్నా బాగా కుదిరిన వంట అదే. ఆమె తృప్తిగా వేళ్లు నాకింది.

వదినగారు ఒక ముద్ద తిని ఆగిపోయింది. ఇంకో ముద్ద కలిపి చేతిలోనే పట్టుకుని, తల ఎత్తకుండా అడిగింది.

“ఎవరు పుట్టేవారు?”

“ఆడపిల్ల,” అంది గరిటె. “పూర్తిగా తిను వదినా, ఇది నా కూతురి భోజనం.”

వదినగారు చేతిలో ముద్ద నోట్లో పెట్టుకుంది. పళ్లెం ఖాళీ అయ్యేదాకా తిని, ఇంకాస్త పెట్టమని పళ్లెం ముందుకు జరిపింది.